అత్త చూడని సరుకు

ఓడ ఆ రోజంతా నడిసముద్రంలోనే. ఎటు చూసినా నేల జాడ లేదు, ఫోన్లలో సిగ్నల్ లేదు. మర్నాడు ఉదయం ఎనిమిదికి రేవు. సాయంత్రం నాలుగున్నరకల్లా అందరూ మళ్లీ ఓడెక్కాలి, అయిదింటికి ఓడ కదిలిపోతుంది. లెక్కేస్తే ఎనిమిదిన్నర గంటలు. దిగడానికి క్యూలో అరగంట, ఎక్కడానికి ముందుజాగ్రత్తగా గంట, రానూ పోనూ ఇంకో గంట తీసేస్తే నికరంగా చేతికొచ్చేది ఆరు. ఆ ఆరు గంటలూ ఏ బీచ్ క్లబ్బులో పెట్టుబడి పెట్టాలా అని తొమ్మిదో అంతస్తు కాఫీ హాల్లో, కిటికీ పక్క బల్ల చుట్టూ చేరి అయిదుగురు మనుషులు పొద్దుట్నుంచీ తర్జనభర్జన పడుతున్నారు.

అయిదుగురిదీ ఒకటే కుటుంబం, ఒకటే కొట్టు. హోటళ్లకీ లాడ్జిలకీ ఆసుపత్రులకీ తువ్వాళ్లు, దుప్పట్లు, దిండు గలీబులు టోకున అందించే కొట్టు. బోర్డు మీద పేరు అన్నది. గల్లా దగ్గర కూర్చునేదీ అన్నే. బల్లకి ఒక పక్క అన్న, వదిన. ఎదురుగా వాళ్ల ఒక్కగానొక్క కూతురు, అల్లుడు. చివరి కుర్చీలో అత్త.

అత్త అంటే ఆ అన్నకి చెల్లెలు. అన్న కూతురికి మాటలొచ్చి ‘అత్తా’ అన్న రోజునుంచీ ఆవిడ అందరికీ అత్తే అయిపోయింది. గుమాస్తాలకీ అత్తే, లారీ డ్రైవర్లకీ అత్తే, నెరిసిన మీసాల హోటల్ మేనేజర్లకీ అత్తే. అన్న ఒక్కడే ఇంకా ‘పాపా’ అంటాడు, పాపకి యాభై ఎనిమిదేళ్లొచ్చినా.

అమ్మకం అన్నది, కొనుగోలు అత్తది. ముప్ఫై నాలుగేళ్లుగా అదే ఏర్పాటు. మిల్లువాళ్లు సరుకు తెస్తే అత్త తువ్వాలు మడత విప్పి అంచు లాగేది, నూలు ఉచ్చుల్ని గోటితో గీరేది, చివరికి ఒక నీటిబొట్టు వేసి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేది. మూడు అనేలోపు బొట్టు ఇంకకపోతే ఆ సరుకు ఎంత మెత్తగా ఉన్నా తిరుగుటపాలో వెళ్లాల్సిందే. అమ్మకం కోసం పూసిన మెత్తదనం అది, ఒంటి మీది నీళ్లు పీల్చదు. అందుకే సరుకు బేలు విప్పే ముందు గుమాస్తా అడిగే ప్రశ్న ఒకటే: ‘అత్త చూసిందా?’ కొనేవాళ్లు ఫోన్లో అడిగేదీ అదే. చూసిందంటే బేరం సగం తెగినట్టే.

అలాంటిది, నిన్న సాయంత్రం భోజనాల దగ్గర అన్న గొంతు సవరించుకుని ఒక ప్రకటన చేశాడు. వచ్చే నెల ఒకటో తారీఖునుంచి కొనుగోళ్లు అల్లుడుగారు చూసుకుంటారు, పాప ఇక విశ్రాంతి తీసుకుంటుంది, ఈ ఓడ ప్రయాణం పాపకి మనందరి కానుక. అల్లుడు చప్పట్లు కొట్టాడు, వదిన కొట్టింది, సంగతేమిటో తెలియకపోయినా పక్కబల్లవాళ్లు కూడా కొట్టారు. అత్త నవ్వింది. ఆ విశ్రాంతి తనెప్పుడడిగిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తూ నవ్వింది. ఇన్నేళ్లలో జీతం మాటెత్తితే ‘ఇంటి మనిషికి జీతమేమిటి’ అన్నారు. వాటా మాటెత్తితే ‘అంతా నీదే కదా’ అన్నారు. అంతా తనదే అయితే తనని ఇంటికి పంపేది ఎవరు? ఆ లెక్క పైనుంచి కింది దాకా కూడినా, కిందినుంచి పైకి కూడినా ఆవిడకి తేలలేదు.

కొనుగోళ్లు ఇక అల్లుడివే కనక క్లబ్బు ఎంపిక కూడా అతనికే అప్పగించారు. అల్లుడుగారి మొదటి కొనుగోలు అని అన్న మురిసిపోయాడు. అల్లుడు ఫోన్ల కంపెనీలో పదేళ్లు మేనేజరుగా చేసినవాడు, ఏ పని చేసినా పట్టిక గీసి చేస్తాడు. ఓడెక్కకముందే ఊళ్లో ఉన్న క్లబ్బులన్నీ జల్లెడ పట్టి, ఫోటోలూ మార్కులూ ఫోన్లో దాచుకొచ్చాడు. చివరికి రెండు మిగిలాయి. పెద్దదాంట్లో మూడొందల పడక కుర్చీలు, సముద్రాన్ని ఆనుకుని ఈత కొలను, చేతికి పచ్చ పట్టీ కట్టించుకుంటే తిన్నంత తిండి, తాగినంత తాగుడు. పదిహేను వేలమంది కలిసి అయిదుకి నాలుగు పాయింటు ఏడు మార్కులేశారు. చిన్నదాంట్లో నలభై కుర్చీలు, నలభై గొడుగులు, ఒక వంటగది. కుర్చీకి ఇంతని అద్దె, తిన్నదానికి తిన్నంత బిల్లు. మార్కులేసినవాళ్లు ఎనభైమంది కూడా లేరు. పక్కన ఒక పొట్టివాణ్ణి నిలబెడితే పొడుగువాడు ఇంకాస్త పొడుగ్గా కనిపిస్తాడని మాత్రమే అల్లుడు దాన్ని పట్టికలో ఉంచాడు.

అత్త ఫోను ఇలా ఇమ్మంది. క్లబ్బువాళ్లు పెట్టిన ఫోటోలొద్దు, వచ్చిపోయినవాళ్లు తీసుకున్నవి చూపించమంది. రెండు వేళ్లతో బొమ్మని సాగదీసి, నవ్వే మొహాల్ని పక్కకి నెట్టి, సముద్రాన్ని కూడా పక్కకి నెట్టి, ఆ మనుషులు కూర్చున్న గుడ్డ మీద కళ్లు నిలిపింది. అలా ఓ పదిహేను ఫోటోలు చూసి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంది.

“ఈ పెద్ద క్లబ్బువాడు లాండ్రీ దగ్గర చెయ్యి బిగించేశాడు,” అంది.

ఒకే వరసలో మూడు రకాల అంచులున్న తువ్వాళ్లు కనిపిస్తున్నాయట. అంటే హోటళ్లు తీసిపారేసినవి గంపగుత్తగా కొన్నాడు. మధ్యాహ్నం తీసిన ఫోటోల్లో సగంమంది తడి చొక్కాల మీద కూర్చున్నారు. అంటే కుర్చీలు మూడొందలున్నా తువ్వాళ్లు రెండొందలు దాటవు. ఉన్నవాటికి కూడా నారింజరంగు మరకలు. చిన్న క్లబ్బులో తువ్వాళ్లన్నీ ఒకే రకం, తెలుపు తెలుపుగానే ఉంది, కుర్చీ పొడవునా పరిచి ఇంకో జానెడు కిందికి వేలాడుతోంది. కాబట్టి చిన్నదానికే వెళ్దామంది.

అల్లుడు మర్యాద తప్పకుండానే నవ్వాడు. “మనం వెళ్లేది సముద్రానికా, తువ్వాళ్లకా అత్తయ్యగారూ?”

అందరూ గొల్లుమన్నారు. పాపని పెళ్లికి పిలిచినా పెళ్లికూతుర్ని వదిలేసి దిండు గలీబులు చూసొస్తుందని అన్న అందుకున్నాడు. ముప్ఫై ఏళ్ల కిందట ఎవరింటికో భోజనానికి వెళ్తే చేతులు తుడుచుకోమని ఇచ్చిన గుడ్డని అత్త అందరి ముందూ వెనక్కి తిప్పి చూసిందని వదిన గుర్తుచేసింది. అత్త కూడా నవ్వులో నవ్వు కలిపింది, అది నిజంగా జరిగిందే కనక. నవ్వు అయ్యాక చెప్పింది.

“ఒంటికి తగిలేదాని దగ్గరే పీనాసితనం చూపించినవాడు కంటికి కనపడని వంటింట్లో ఏం చేస్తున్నాడో మీరే లెక్కేసుకోండి అల్లుడుగారూ.”

పదిహేను వేలమంది తప్పా అని అల్లుడు అడిగాడు. ఆ పదిహేను వేలమందిలో తువ్వాలు తిప్పి చూసినవాళ్లెందరని అత్త అడిగింది. మాట ముదురుతోందని అన్న చెయ్యెత్తి ఆపాడు. నిర్ణయం అల్లుడుగారిది, అయిదు టిక్కెట్లు తీసేద్దాం అన్నాడు. కొట్లో ఏ వాదన వచ్చినా ఆ చెయ్యి లేస్తే అయిపోయినట్టే. అత్త చల్లారిన కాఫీ చివరి గుక్కదాకా తాగింది.

“నాలుగు తీసుకోండి. నేను చిన్నదానికి వెళ్తాను.”

ఆడమనిషి ఒంటరిగా, తెలియని ఊళ్లో, ఓడ వదిలేసిపోతే ఏం గతి అని వదిన బుగ్గలు నొక్కుకుంది. ఒంటరిగా రైళ్లలో తిరిగి మిల్లుల్లో సరుకు కొన్నప్పుడు ఎవరికీ రాని భయం ఇప్పుడెందుకొచ్చిందని అత్త అడిగింది. అన్న కూతురు ‘నేనూ అత్తతో’ అనబోయి మొగుడి మొహం చూసి మాట మింగేసింది. అన్న మాత్రం ఇది తువ్వాళ్ల గొడవ కాదని గ్రహించాడు. వ్యాపారి కదా, ఎదుటివాడు ధర చెప్పకముందే పసిగడతాడు. గ్రహించి కూడా కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు రేవు గేటు బయట పెద్ద క్లబ్బు బస్సు పాటలు పెట్టుకుని చల్లగా సిద్ధంగా ఉంది. నలుగురూ ఎక్కారు. అన్న మెట్టు మీద ఆగి, నాలుగున్నర దాటితే ఓడ ఆపమని తనెవర్నీ బతిమాలనన్నాడు. బతిమాలొద్దు, నా పెట్టె మాత్రం సముద్రంలో పారేయకు అంది అత్త. అన్న కూతురు కిటికీలోంచి ఎండకి రాసుకునే క్రీము గొట్టం విసిరింది. ఆ పిల్ల ధైర్యం అంతవరకే.

అత్త మరో ఆరుగురితో కలిసి అద్దె వ్యానెక్కింది. టైర్ల దుకాణం, మూతపడిన సినిమాహాలు, బడి ప్రహరీ దాటి, పది నిమిషాల్లో వ్యాను ఒక నీలంరంగు గోడ దగ్గర ఆగింది. మిగతావాళ్లు గేటులోకి వెళ్లారు. అత్త గోడ వెంబడి నడుచుకుంటూ వెనకవైపుకి వెళ్లిపోయింది.

కావాలని వెళ్లింది కాదు. ఇన్నేళ్లలో ఆవిడ ఏ హోటలుకీ ముందు గుమ్మంలోంచి వెళ్లలేదు. సరుకు దిగేది వెనకవైపు, గుడ్డలు ఆరేది వెనకవైపు, పార్టీ మంచిదో కాదో తెలిసేదీ వెనకవైపే. తల ఒకటనుకున్నా కాళ్లు తమకి తెలిసిన దారినే పట్టాయి.

వెనక రేకుల పాకలో రెండు వాషింగ్ మిషన్లు, గ్యాసు సిలిండర్లు, ఉల్లిపాయల బస్తాలు, బారుగా తీగల మీద తువ్వాళ్లు. అత్త వెళ్లి ఒకదాని అంచు పట్టుకుని లాగింది. అది చూసి, నడుముకి తాళాలగుత్తి వేలాడదీసుకున్న ఒక నలభై అయిదేళ్లావిడ ఫోను పెట్టేసి గబగబా వచ్చింది. ఆవిడే క్లబ్బు యజమానురాలు. “హమ్మయ్య, వచ్చారా, పొద్దుట్నుంచి చూస్తున్నా,” అంటూ అత్తని ఒక ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, ముందు ఓ గుట్ట తువ్వాళ్లు పోసింది. అత్త ఎందుకు, ఏమిటి అని అడగలేదు. ముందు తువ్వాళ్లు పోస్తే విప్పి చూడటం తప్ప ఆవిడకి ఇంకోటి చేతకాదు.

గుట్టంతా నారింజరంగు మరకలు. ఇక్కడ అత్త లెక్క ఒక మెట్టు తప్పింది. అల్లుడు చూపించిన ఈ క్లబ్బు ఫోటోలు రెండేళ్ల కిందటివి, ఈ క్లబ్బుకీ ఆ రోగం ఆ తర్వాతే పట్టింది. తేడా ఒకటే, మరక పడ్డవి ఇక్కడ కుర్చీల మీదికి వెళ్లడం లేదు. చాలకపోతే ఇంట్లోంచి సొంతవి తెచ్చి వేస్తున్నానంది యజమానురాలు, ఏడుపుగొంతుతో. తెల్లబడాలని రోజూ బ్లీచింగు పోసి ఉతికిస్తున్నా, ఇంకా ఎర్రబడుతున్నాయంది. అత్త తల పట్టుకుంది. ఒంటికి రాసుకునే ఎండ క్రీము బ్లీచింగు తగిలితే అలాగే తిరగబడుతుంది, పోసేకొద్దీ మరకకి మేత వేసినట్టే. ముందు గిన్నెలు తోమే ద్రవంతో జిడ్డు వదిలించాలి, ఆ తర్వాత నిమ్మ ఉప్పు కలిపిన వేణ్ణీళ్లలో నానబెట్టాలి, బ్లీచింగు సీసా అసలు ఈ పాక గడప తొక్కకూడదు. చెప్పి ఊరుకోలేదు, బకెట్టు తెప్పించి, చేతులు పైకి మడిచి, నాలుగు తువ్వాళ్లు తనే నానబెట్టి, పిండి చూపించింది. మరక పూర్తిగా పోలేదు కానీ వెలిసిపోయింది. యజమానురాలు దాన్ని వెలుగుకి పట్టి చూసి, ఇంక అసలు సంగతికొద్దామన్నట్టు అడిగింది.

“మీ లాండ్రీలో తువ్వాలుకెంత తీసుకుంటారు?”

అప్పుడు తట్టింది అత్తకి. గోడ మీది గడియారం పదకొండు దాటింది. ఉన్న ఆరు గంటల్లో రెండు గంటలు వెనక గుమ్మం దగ్గరే ఖర్చయిపోయాయి. సముద్రం గోడకి అవతల ఉంది, చప్పుడు వినిపిస్తోంది, ఇంతవరకూ కళ్లబడలేదు.

“నేను లాండ్రీ మనిషిని కాదమ్మా. ఓడ మీద వచ్చాను, సముద్రంలో దిగుదామని.”

యజమానురాలు నాలుక కరుచుకుంది. మరి ముందే చెప్పరేం అంది. మీరు పని చెప్పారు, నేను చేశాను, నాకది అలవాటే అంది అత్త. ఇద్దరికీ నవ్వాగలేదు. ఆవిడ ముందువరస కుర్చీ ఇస్తాను, భోజనం పెడతాను, పైసా తీసుకోనని చెయ్యి పట్టుకుంది. అత్త మెల్లగా చెయ్యి విడిపించుకుని పర్సు తీసింది.

“ఊరికే ఇచ్చారంటే నేను మళ్లీ ఇంటి మనిషినైపోతాను. అద్దె ఎంతో చెప్పండి. నేను చేసిన పని విలువెంతో అదీ చెప్పండి. రెండూ వేరు వేరుగా.”

యజమానురాలు కుర్చీ అద్దె వసూలు చేసి, రసీదు రాసిచ్చింది. తర్వాత సొరుగు తీసి పనికి డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. అది కుర్చీ అద్దెకి మూడింతలుంది. ముప్ఫై నాలుగేళ్లుగా చేస్తున్న పనికి అత్త చేతిలో పడ్డ మొట్టమొదటి కూలి అది. ఆవిడ దాన్ని రెండోసారి లెక్కపెట్టలేదు, పర్సు లోపలి అరలో పెట్టుకుంది.

ఈసారి ముందు గుమ్మంలోంచి వెళ్లింది.

సముద్రంలో దిగడం అనుకున్నంత సులువు కాదు. మొదటి అల చీలమండల దగ్గరే వెక్కిరించి పోయింది. రెండోది పాదాల కింది ఇసుకని లాగేసి ఆవిడని చతికిలబడేసింది. కాటన్ పైజామా నిండా ఇసుక. పక్కన ఈత కొడుతున్న పిల్లలు నవ్వారు. అత్త లేచింది, మళ్లీ పడింది, మళ్లీ లేచింది. నాలుగోసారికి కాళ్లు ఎడంగా పెట్టి, అల వస్తున్నప్పుడు ఒంటిని పక్కకి తిప్పాలని కిటుకు దొరికింది. ఆ తర్వాత గంటసేపు సముద్రానికీ ఆవిడకీ మధ్య ఎవరూ తగ్గలేదు. బయటికొచ్చి తల తుడుచుకుంటుంటే, ఈ తువ్వాలు చదరపు మీటరుకి అయిదొందల గ్రాముల రకం అని చెయ్యి తనంతట తానే చెప్పేసింది. చెయ్యి నోరు ఎవరు మూయగలరు.

రెండు దాటాక, పడక కుర్చీలో కళ్లు మూసుకుని ఉండగా మొహం మీద నీడ పడింది. అన్న. మణికట్టుకి పచ్చ పట్టీ, తడి లాగు మీద పొడి చొక్కా, ఎండకి కమిలిన మెడ, చేతిలో ఫోను. టాక్సీలో వచ్చాడట. ఈ ఊళ్లో ఫోనుకి సిగ్నల్ తగిలిన దగ్గర్నుంచీ పిచ్చెక్కిపోతోందట. అటూ ఇటూ చూసి, కుర్చీ అంచున కూర్చోబోయి, తడిబట్టలు గుర్తొచ్చి నిలబడే చెప్పాడు.

అల్లుడు ఎవరికీ చెప్పకుండా ఒక కొనుగోలు చేసేశాడు. కొత్త మిల్లు, రెండువేల తువ్వాళ్లు, మన గోడౌనుకి రాకుండా నేరుగా తమ అతిపెద్ద ఖాతాదారైన హోటలు గుమ్మానికి. కొరియరులో వచ్చిన శాంపిలు చేత్తో నిమిరి, మెత్తగా ఉందని ఖాయం చేశాడు. లారీ ఈ ఉదయం హోటలు గేటు దగ్గర ఆగింది. హోటలు మేనేజరు బేలు దించనివ్వడం లేదు. ‘అత్త చూసిందా?’ అని అడిగాడు. అల్లుడు చూసిందన్నాడు. అయితే అత్తతోనే చెప్పించమన్నాడు మేనేజరు.

“ఒక్క మాట, పాపా. చూశానని చెప్పు. తర్వాత సంగతి నేను చూసుకుంటా.”

అత్త లేచి కూర్చుంది. “చూడంది చూశానని ఎలా చెప్పను?”

అన్న మాట మార్చి చూశాడు. పిల్లాడు కొత్త, తప్పు చేశాడు, కానీ ఇంటి అల్లుడు. ఈ హోటలు పోతే ఏడాది అమ్మకంలో మూడోవంతు పోతుంది, పోయిన పేరు మళ్లీ కొనలేం. నువ్వన్నట్టే పెద్ద క్లబ్బులో తువ్వాళ్లు పదకొండింటికే అయిపోయాయని కూడా ఒప్పుకున్నాడు, అయితే తిండి మాత్రం అద్భుతంగా ఉందని వెంటనే కలిపాడు, వ్యాపారి ఎప్పుడూ ఓటమిని పూర్తిగా రాసివ్వడు. అత్త అన్నీ విన్నది. పెద్ద క్లబ్బు తిండి బాగుందంటే సంతోషమే అంది, ఆ విషయంలో నా లెక్క తప్పే అంది. ఆ తర్వాత గొంతు పెంచకుండా అడిగింది.

“ముప్ఫై నాలుగేళ్లూ మన కొట్లో అమ్మింది ఏమిటన్నయ్యా? తువ్వాళ్లు ఎవడైనా అమ్ముతాడు. ‘అత్త చూసింది’ అన్న మాటని మనం అమ్మాం. సరుకు నీది, ఆ మాట నాది. అందులో నా భాగమెంత?”

“సముద్రపొడ్డున బేరాలేమిటి పాపా?”

“కొట్లో అడిగితే ఇంటి మనిషివన్నావు. ఇంట్లో అడిగితే కొట్టు సంగతులు ఇంట్లో వద్దన్నావు. ఇది ఇల్లూ కాదు, కొట్టూ కాదు. ఇక్కడైతే ఇద్దరం గిరాకీలమే.”

చెల్లెలికి తనేం తక్కువ చేశాడో చెప్పమన్నాడు అన్న. తిండా, బట్టా, గౌరవమా అన్నాడు. తక్కువ చేశావని అనడం లేదు, ఎంత చేశావో ఎక్కడా రాసిలేదంటున్నాను అంది అత్త. ఒకటో తారీఖునుంచి విశ్రాంతి తీసుకోమన్నావు కదా, ఒకటో తారీఖు దాకా ఎందుకు, ఈ పొద్దునే మొదలుపెట్టాను, సముద్రం చాలా బాగుంది అంది. అని తువ్వాలు కుర్చీ మీద మడిచి పెట్టి నీళ్లవైపు నడిచింది.

ఫోను మోగింది. మేనేజరు. అన్న ఫోనుని ముందుకు చాపుతూ వెనకే వచ్చాడు. అత్త మోకాళ్లలోతు దాకా వెళ్లి ఆగి, తల తిప్పి చూసింది గానీ చెయ్యి చాపలేదు.

“నువ్వే మాట్లాడు. నిజం చెప్పినా, అబద్ధం చెప్పినా బోర్డు మీద పేరు నీదే కదా.”

అన్న ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల మేనేజరు గొంతు ఖంగుమని ఇక్కడిదాకా వినిపిస్తోంది. నలభై ఏళ్లుగా సరుకు అమ్ముతున్న మనిషి, ఏ అబద్ధానికి ఎంత వడ్డీ పడుతుందో తెలిసిన మనిషి.

“లేదండీ. మా చెల్లెలు చూడలేదు,” అన్నాడు. “ఆవిడొచ్చి చూసేదాకా దించకండి.”

“నేనొస్తానని ఎవరు చెప్పారు?” అంది అత్త.

అన్న ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. పావు అన్నాడు. అత్త ఒక అడుగు లోపలికి వేసింది. మూడోవంతు అన్నాడు. అత్త ఇంకో అడుగు వేసింది, అల నడుము దాకా తడిపింది. అక్కడినుంచి ఏమంటున్నా వినపడదు కనక అన్న తోలు చెప్పులతోనే నీళ్లలోకి దిగాల్సొచ్చింది. ఒక అల వచ్చి పొడి చొక్కాని కూడా తడిపింది.

“సగం,” అన్నాడు, రొప్పుతూ. “సగం. సరేనా?”

“నాకు కాదు, ఆయనకి చెప్పు.”

అన్నకి అర్థమైంది. ఇంట్లో ఇచ్చిన మాట ఇంట్లోనే కరిగిపోగలదు. ఖాతాదారు చెవిన పడ్డ మాట ఊరంతా తిరిగి తమ గుమ్మానికే వస్తుంది, దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. చెల్లెలు అడుగుతున్న రసీదు అదే. అన్న ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉంది, ఇంత బేరం తన పక్కనే ఉండి తనకి ఇన్నాళ్లూ కనపడలేదే అన్న ఆశ్చర్యమూ ఉంది. అరచెయ్యి తీసేశాడు.

“చూడండి, ఆవిడ మా చెల్లెలే కాదు, కొట్లో సగం వాటాదారు. కొనుగోళ్లు ఆవిడవే. మా అల్లుడు ఇంకా పని నేర్చుకుంటున్నాడు.”

అప్పుడు అత్త చెయ్యి చాపింది. తడిచేత్తో ఫోను తీసుకుని మేనేజరుతో మాట్లాడింది. సరుకు చూడలేదని, గురువారం తనే వస్తానని, బొట్టు ఇంకకపోతే మీరు కాదు, నేనే ఆ లారీని వెనక్కి తిప్పుతానని చెప్పింది. అవతల ఆయన సరేనన్నాడు. ఆవిడ ఫోను అన్న చేతిలో పెట్టి, వస్తున్న పెద్ద అలకి కాళ్లు ఎడంగా పెట్టి ఒంటిని పక్కకి తిప్పింది. అన్నకి ఆ కిటుకు తెలియదు. పడ్డాడు.